వాదము, బహస్ – కళాశాలలో పౌరవిద్య

పౌరశాస్త్రమనగానే మన విద్యార్థులకు రాజ్యాంగ అధికరణాల సంఖ్యలు, పరీక్షలోని పది మార్కుల ప్రశ్నలు జ్ఞప్తికి వస్తాయి. పార్లమెంటులో సభలెన్నో తడుముకోకుండా చెప్పగలిగినవారు తమ తరగతి సభను సవ్యంగా జరుపుకోలేకపోవడం మేము తరచుగా చూస్తున్నాము. 61వ రాజ్యాంగ సవరణ అమలులోకి వచ్చిన 1989 నుంచి పద్దెనిమిదేళ్లు నిండిన ప్రతి విద్యార్థికీ ఓటు హక్కు లభించింది. ఓటు వేయడం క్షణకాలపు పని. దానికి ముందు జరుగవలసిన విచారణయే పౌరవిద్యలో కష్టమైన భాగం. భిన్నాభిప్రాయాలు గలవారు ఒకచోట కూర్చుని మాట్లాడుకొనే పద్ధతిని గురించి ఈ వ్యాసంలో కొంత విచారింపదలచినాము.

ఉర్దూ, తెలుగు రెండూ వినిపించే మన కళాశాలలో వాదానికి కారణాలు కొరవడవు. ఆహ్వానపత్రంలో ఏ భాష ముందుండాలి, స్వాగతోపన్యాసం ఏ భాషలో జరగాలి, వార్షిక సంచికలో ఎవరికెన్ని పుటలు అనేవి చూడడానికి చిన్న ప్రశ్నలే. ఐతే వీటి వెనుక ‘నా మాటకు ఇక్కడ విలువ ఉన్నదా?’ అనే పెద్ద ప్రశ్న దాగి ఉన్నది. అందుచేతనే ఇటువంటి విషయాల మీద లేచిన మాట కొన్నిచోట్ల గోడమీది రాతగానూ, సెల్‌ఫోనులో తెల్లవారేసరికి అందరికీ చేరే దూషణగానూ పరిణమిస్తుంది. నిన్నటి వరకు ఒకే బల్లమీద కూర్చున్న ఇద్దరు నేడు వేరు వేరు బల్లలు వెదుక్కుంటారు.

వాదించుకోవడమే తప్పని కొందరు పెద్దలు అంటారు. మేము అంగీకరింపలేము. మన న్యాయశాస్త్రకారులు చర్చను మూడు విధాలుగా విభజించినారు. సత్యాన్ని తెలుసుకోవడానికి చేసేది వాదము. గెలుపే లక్ష్యంగా చేసేది జల్పము. తనదంటూ ఒక పక్షం లేక ఎదుటివాని మాటను ఖండించడమే పనిగా పెట్టుకొన్నది వితండము. వీటిలో వాదాన్ని వారు గౌరవించినారు. ఎదుటివాని మాటను ముందు పూర్వపక్షంగా నిలిపి, ఆ పిమ్మటనే సిద్ధాంతం చెప్పడం మన శాస్త్రగ్రంథాల పద్ధతి. ఉర్దూలోని ‘బహస్’ అనే మాటకు అరబ్బీ మూలంలో వెదకడం, పరిశోధించడం అని అర్థం. రెండు భాషల పెద్దలూ చర్చను అన్వేషణగానే భావించినారని దీనినిబట్టి తెలుస్తున్నది. నేడు మనం వాదమని పిలిచేది చాలావరకు జల్పం, మిగిలినది వితండం.

భాషను గురించిన తగవు ఎంత పెద్దదైనా పద్ధతిగా సాగవచ్చుననడానికి మన రాజ్యాంగసభయే నిదర్శనం. ఆ సభ 1946 డిసెంబరు 9న మొదలైనది. మరునాడే ఆర్.వి. ధూలేకర్ అనే సభ్యుడు హిందుస్తానీ రానివారు ఈ సభలో ఉండదగరని అన్నారు. దక్షిణాది సభ్యులు లేచిపోవడానికి ఆ ఒక్క మాట చాలు. కాని వారు లేచిపోలేదు.

భాషా ప్రకరణం 1949 సెప్టెంబరు 12న చర్చకు వచ్చినప్పుడు సవరణలు వందల సంఖ్యలో ఉన్నవి. అధ్యక్షుడు రాజేంద్రప్రసాద్ ముందుగానే సభ్యులను హెచ్చరించినారు. సభలో వాదించి నెగ్గినంత మాత్రాన ప్రయోజనం లేదనీ, చేసే నిర్ణయం దేశమంతటికీ అంగీకారయోగ్యం కావాలనీ ఆయన మాటల సారాంశం.

ఆ చర్చలో పాల్గొన్నవారిలో రాజమండ్రిలో పుట్టిన మన తెలుగు ఆడపడుచు దుర్గాబాయి ఒకరు. ఆమె హిందీకి విరోధి కాదు; చిన్ననాటనే బాలికలకు హిందీ నేర్పిన వ్యక్తి. అటువంటి ఆమె లేచి, హిందీవాదుల మితిమీరిన ప్రచారం తనవంటి అభిమానులను కూడా దూరం చేస్తున్నదని వారి ముఖం మీదనే చెప్పినారు. ప్రతిపక్షాన్ని విమర్శించడం సులభం. తాను అభిమానించే పక్షం హద్దు మీరినప్పుడు సభలో నిలిచి చెప్పడానికి ధైర్యం కావాలి. ఆ ధైర్యం ఆమెకు బాల్యంనుంచే ఉన్నది. 1923 కాకినాడ కాంగ్రెసు సందర్భంగా జరిగిన ఖద్దరు ప్రదర్శనలో స్వచ్ఛంద సేవికగా నిలిచి, టిక్కెట్టు లేని జవాహర్‌లాల్ నెహ్రూను లోపలికి పోనీయని బాలిక ఆమెయే. నియమం అందరికీ ఒక్కటే అన్నది ఆమె ఎరిగిన పౌరవిద్య.

సెప్టెంబరు 14న నిర్ణయం జరిగింది. దేవనాగరి లిపిలోని హిందీ కేంద్రప్రభుత్వానికి అధికార భాష అయినది. అంకెలకు అంతర్జాతీయ రూపం నిలిచింది. ఇంగ్లీషుకు 15 సంవత్సరాల గడువు, అవసరమైతే దానిని పొడిగించే అధికారం పార్లమెంటుకు ఇచ్చినారు. ఎనిమిదవ షెడ్యూలులో చేరిన 14 భాషలలో తెలుగూ ఉన్నది, ఉర్దూ ఉన్నది. ఎవరికీ కోరినదంతా దక్కలేదు. ఎవరూ వట్టి చేతులతో పోలేదు. ఐతే గడువు ముగిసిన 1965లో మద్రాసు రాష్ట్రంలో విద్యార్థుల ఆందోళన చెలరేగి ప్రాణనష్టం జరిగింది. 1967లో అధికార భాషల చట్టాన్ని సవరించి ఇంగ్లీషు కొనసాగింపుకు హామీ ఇవ్వవలసి వచ్చింది. ఒడంబడిక ఒకనాడు కుదిరితే చాలదు. దానిని మాటలతో కాపాడుకుంటూ ఉండాలి. తెలంగాణలో 2017లోనూ, ఆంధ్రప్రదేశ్‌లో 2022లోనూ రాష్ట్రమంతటా ఉర్దూ రెండవ అధికార భాష అయినది శాసనసభలో జరిగిన నిర్ణయం వల్లనే.

ఆ సభను నిలిపినవి సభ్యుల పాండిత్యంతోపాటు కొన్ని సామాన్య నియమాలు. సభ్యుడు అధ్యక్షుని సంబోధించి మాట్లాడాలి. నచ్చనిదానికి బదులు ఏమి కావాలో సవరణగా వ్రాసి ఇవ్వాలి. ఓడిన మాట కూడా గ్రంథస్థం కావాలి. ఈనాటికీ ఓడినవారి ఉపన్యాసాలు మనం చదువుకోగలుగుతున్నాము. ముషాయిరాలో షమా ఎవరి ముందుకు వస్తే వారే చదివే మర్యాద ఎరిగిన మనకు ఈ నియమాలు కొత్తవి కావు.

కళాశాల కమిటీవారికి, విద్యార్థులకు మా సూచనలు నాలుగు.

మొదటిది, నెలకొకసారి చర్చాసభ జరగాలి. గ్రంథాలయం వేళలు, క్యాంటీను, మంచినీరు వంటి మన విషయాలే అందులో చర్చకు రావాలి.

రెండవది, బదులు చెప్పబోయేవారు ముందు ఎదుటివారి వాదాన్ని తమ మాటలలో చెప్పాలి. ‘ఔను, నేనన్నది అదే’ అని వారు ఒప్పుకొన్న పిమ్మటనే ఖండన మొదలుపెట్టాలి.

మూడవది, ఉర్దూలో చెప్పినదాని సారాంశాన్ని తెలుగు విద్యార్థి, తెలుగులో చెప్పినదాని సారాంశాన్ని ఉర్దూ విద్యార్థి సభకు వినిపించాలి. ఒకరి మాటను మరొకరు మోయవలసి వచ్చినప్పుడు శ్రద్ధగా వినడం తప్పనిసరి అవుతుంది.

నాలుగవది, తీర్మానంతోపాటు భిన్నాభిప్రాయాన్నీ వ్రాసి, రెండు భాషలలో నోటీసు బోర్డు మీద పెట్టాలి. కమిటీవారు నెలలోగా వ్రాతపూర్వకంగా సమాధానమివ్వాలి. కోరినది సాధ్యం కాకపోతే కారణం చెప్పాలి. మర్యాదగా అడిగినవానికి జవాబు రాక, అరచినవానికి మాత్రమే జవాబు వస్తే విద్యార్థి నేర్చుకొనేది అరవడమే.

రాజ్యాంగం 19వ అధికరణం మనకు వాక్స్వాతంత్ర్యాన్ని ఇచ్చి, సమంజసమైన పరిమితులనూ పేర్కొన్నది. 30వ అధికరణం మనవంటి అల్పసంఖ్యాక వర్గాల విద్యాసంస్థలకు హక్కు కల్పించింది. 1976లో చేరిన 51-ఎ అధికరణం మత, భాషా భేదాలకు అతీతమైన సోదరభావాన్ని పెంపొందించడం పౌరుని విధి అన్నది. హక్కును అనుభవిస్తున్న మనమే ఆ విధిని ముందుగా ఆచరింపవలసి ఉన్నది. రానున్న విద్యాసంవత్సరంలో మొదటి చర్చాసభకు విద్యార్థులు విషయాన్ని ఎన్నుకొని తేవాలనీ, కమిటీవారు ఒక గదినీ, ఒక గంటనూ కేటాయించాలనీ మేము కోరుతున్నాము.