ఈ క్రిమి ఏ ఊరిది?

ఒక ఊళ్ళో ఒక అక్కకు ఒక గేదె ఉంది. ఒక రోజు అది మేత మానేసింది. నోటి వెంట చొంగ కారుతోంది. ఆగకుండా అరుస్తోంది. గొంతులో ఏదో అడ్డం పడిందనుకుంది ఆ అక్క. నోట్లో చెయ్యి పెట్టి వెతికింది. ఏమీ దొరకలేదు. మూడో నాటికి గేదె చచ్చిపోయింది.

అప్పుడు గుర్తొచ్చింది పక్కింటి పిన్నికి. నెల కిందట చెరువు గట్టున ఒక కుక్క ఆ గేదె మూతి కరిచింది.

పశువుల డాక్టరు వచ్చారు.

"నోట్లో చెయ్యి పెట్టిందెవరమ్మా?"

"నేనే బాబూ."

"చేతి మీద గీతలు, పుళ్ళు ఉన్నాయా?"

"మొన్న గడ్డి కోస్తుంటే కొడవలి తెగింది."

"అయితే ముందు సబ్బుతో చెయ్యి కడుగు తల్లీ. ఈ రోజే ఆసుపత్రికి పో. సూదులు వేయించుకో. రేపు అనవద్దు."

ఆ అక్క వెళ్ళింది. సూదులన్నీ వేయించుకుంది. బతికింది. ఇది మేం అల్లిన కథే. కానీ గేదె నోట్లో, ఆవు నోట్లో ఇలా చెయ్యి పెట్టేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. రేబిస్ వచ్చిన పశువుకు గుటక పడదు. అందుకే గొంతులో అడ్డం పడినట్టు కనిపిస్తుంది. ఈ జబ్బు మనిషిలో బయటపడ్డాక బతికించే మందు లేదు. బయటపడక ముందే సూది పడాలి.

సరే, గేదె సంగతి ఏమయింది? డాక్టరు దాని మెదడులో ఒక ముక్క తీయించారు. మంచు పెట్టెలో పెట్టి పరీక్షకు పంపారు. ఈ పని మనం చేయకూడదు. చచ్చిన పశువును ఒట్టి చేతులతో ముట్టుకోనే కూడదు.

పరీక్ష చేసేవాళ్ళు ముందు చూసేది ఇది రేబిస్ అవునా, కాదా అని. అవును అని తేలితే ఇంకో ప్రశ్న ఉంది. ఈ క్రిమి ఎక్కడి నుంచి వచ్చింది? ఏ జంతువు నుంచి వచ్చింది?

క్రిమికి ఊరూ పేరూ ఉంటాయా? ఉంటాయి. చదవడం వచ్చినవాళ్ళకు తెలుస్తాయి. అది ఎలాగో చూద్దాం.

మీరు చదువుల కేంద్రంలో బల్ల మీద చూసి పలక మీద రాశారు కదా. బల్ల మీద ఇలా ఉంది అనుకోండి: "గుమ్మం ముందు మల్లె చెట్టు ఉంది." ముందు వరసలో అక్క తొందరలో "చెటు" అని రాసింది. ఒత్తు పోయింది. ఆమె వెనక కూర్చున్న అక్కకు బల్ల కనిపించలేదు. ముందు అక్క పలక చూసి రాసింది. ఆమె పలక మీద కూడా "చెటు" అనే ఉంది. పైగా "మల్లె" బదులు "మలె" అని రాసింది. టీచరమ్మ రెండు పలకలూ చూసింది. ఎవరు ఎవరిని చూసి రాశారో ఇట్టే చెప్పేసింది!

క్రిమి పనీ ఇంతే. రేబిస్ క్రిమిలో ఒక రాత ఉంది. మనకు యాభై ఆరు అక్షరాలు. దానికి నాలుగే. ఆ నాలుగూ మళ్ళీ మళ్ళీ వచ్చి మొత్తం 12,000 దాకా అక్షరాల రాత అవుతుంది. క్రిమి పిల్లల్ని పెట్టేటప్పుడు ఆ రాతను చూసి రాస్తుంది. అప్పుడప్పుడు తప్పు పడుతుంది. ఆ తప్పు తర్వాతి పిల్లలకూ వస్తుంది. కుక్క నుంచి కుక్కకు, ఊరి నుంచి ఊరికి పోతుంటే కొత్త తప్పులు చేరతాయి. రెండు చోట్ల క్రిముల్లో ఒకే తప్పులు ఉంటే అవి దగ్గరి చుట్టాలు. తప్పులు వేరు వేరుగా ఉంటే దూరపు చుట్టాలు.

మన దేశంలో ఆవుల నుంచి, గేదెల నుంచి, మేకల నుంచి తీసిన క్రిములను ఇలా చదివారు. అవి కుక్కల్లో ఉన్న క్రిములే అని తేలింది. అంటే పశువుల్లో వేరే రేబిస్ లేదు. ఎక్కువగా కుక్క కరిస్తేనే గేదెకు వస్తోంది. కుక్కల్లో ఆగితే గేదెల్లోనూ ఆగుతుంది.

ఇంకో వింత కూడా తెలిసింది. మన దేశపు క్రిముల్లో ఎక్కువ భాగం ఉత్తర ధ్రువం దగ్గర మంచులో తిరిగే నక్కల్లో ఉన్న క్రిమికి చుట్టాలు. శ్రీలంకలోనూ మన దక్షిణాదిలో కొన్ని చోట్లా ఉన్నది వేరే వంశం. మంచు నక్క ఎక్కడ, మన వీధి కుక్క ఎక్కడ!

ఇప్పుడు బాలి సంగతి. అది ఇండోనేషియా దేశంలో ఒక దీవి. చుట్టూ సముద్రం. అక్కడ ఇంటింటా కుక్కలే. అయినా 2008 దాకా ఆ దీవిలో రేబిస్ లేదు. 2008 నవంబరులో దక్షిణం కొసన బయటపడింది. రెండేళ్ళలో దీవి అంతా పాకింది. 2010 ఒక్క ఏడాదిలోనే 80 మంది దాకా చనిపోయారు.

సముద్రం దాటి క్రిమి ఎలా వచ్చింది? క్రిమి ఈదలేదు. మనుషులే తెచ్చి ఉండాలి. అదే దేశంలో ఫ్లోరెస్ అనే మరో దీవి ఉంది. అక్కడికి 1997లో పడవ మీద మూడు కుక్కలు వచ్చాయి. వాటితోనే ఆ దీవికి రేబిస్ వచ్చింది. వంద మందికి పైగా చనిపోయారు.

బాలిలో చాలా చోట్ల కుక్కల నుంచి, చనిపోయిన మనుషుల నుంచి క్రిములు తీసి చదివారు. అన్నిట్లోనూ ఒకే తల్లి పోలిక కనిపించింది. అంటే క్రిమి ఆ దీవికి వచ్చింది ఒక్కసారే. తర్వాత పాకిందంతా లోపలే.

ఇది తెలిస్తే ఏం లాభం అంటారా? క్రిమి మళ్ళీ మళ్ళీ బయట నుంచి వస్తుంటే రేవు దగ్గర కాపలా కాయాలి. ఒక్కసారి వచ్చి లోపలే తిరుగుతుంటే లోపలి కుక్కలకు టీకా వేయాలి. మందు ఒకటే, వేసే చోటు వేరు.

బాలిలో మొదట కుక్కల్ని చంపారు. ఫ్లోరెస్‌లో అయితే లక్షల్లో చంపారు. రోగం పోలేదు. ఎందుకని? టీకా పడిన కుక్క కూడా చచ్చింది. కుక్క పోయిన ఇంటివాళ్ళు ఇంకో చోటి నుంచి టీకా లేని కుక్కపిల్లను తెచ్చుకున్నారు. కొందరు తమ కుక్కల్ని వేరే ఊళ్ళకు తరలించారు. క్రిమి కూడా బండెక్కింది. నేను మాత్రం ఇందులో కుక్కను తప్పు పట్టను. 2010లో బాలిలో దీవి అంతటా టీకాలు మొదలుపెట్టారు. రెండు లక్షలకు పైగా కుక్కలకు వేశారు. చావులు బాగా తగ్గాయి. పూర్తిగా మాత్రం పోలేదు.

అమెరికాలో కుక్క కాదు, రకూన్ అనే అడవి జంతువు. పిల్లి కన్నా పెద్దది. కళ్ళకు నల్ల గంతలు కట్టినట్టు ఉంటుంది. దక్షిణాన ఫ్లోరిడా వైపు రకూన్లలో రేబిస్ ఉంది. వేటగాళ్ళు అక్కడి రకూన్లను పట్టి ఉత్తరాన అడవుల్లో వదిలారు. 1977లో ఉత్తరాన వెస్ట్ వర్జీనియాలో రోగం బయటపడింది. గుర్తులు సరిపోల్చితే అది దక్షిణాది క్రిమే!

మన దేశంలో గోవాలో 2013 నుంచి కుక్కలకు వరసగా టీకాలు వేశారు. 95,000కు పైగా కుక్కలకు వేశారు. నూటికి 70 కుక్కలకు టీకా అందేలా చూశారు. 2019 నాటికి కుక్కల్లో రేబిస్ నూటికి 92 వంతులు తగ్గింది. మనుషుల్లో చావులు ఆగాయి.

మళ్ళీ మన అక్క దగ్గరికి వద్దాం. ఆమెకు సూదులంటే భయం. బొడ్డు చుట్టూ పధ్నాలుగు పొడుస్తారని అత్త చెప్పింది. అది పాత మాట. ఆ పాత మందు మానేసి ఇరవై ఏళ్ళు అయింది. ఇప్పుడు చేతికే వేస్తారు. మొదటి రోజు, తర్వాత డాక్టరు చెప్పిన రోజుల్లో వెళ్ళాలి. ఒక్కటీ మానకూడదు. నెత్తురు వచ్చిన గాయమైతే గాయం చుట్టూ ఇంకో మందు కూడా వేస్తారు. అన్నిటికన్నా ముందు సబ్బు, ధారగా నీళ్ళు. పదిహేను నిమిషాలు కడగాలి. పప్పు ఉడికేంత సేపు అనుకోండి. సున్నం, కారం, పసరు పెట్టకూడదు.

ఇప్పుడు మీ వంతు. బల్ల మీద ఇలా ఉంది: "చెల్లెమ్మ బుట్టలో పువ్వులు తెచ్చింది."

మొదటి పలక: చెల్లెమ్మ బుటలో పువ్వులు తెచ్చింది.

రెండో పలక: చెల్లెమ్మ బుట్టలో పువులు తెచ్చింది.

మూడో పలక: చెలెమ్మ బుటలో పువ్వులు తెచ్చింది.

ఇందులో పక్క పలక చూసి రాసింది ఎవరు? పలకలు మూడూ మూడు కుక్కలు అనుకోండి. ఏ కుక్క ఏ కుక్కను కరిచి ఉంటుంది?