కోర్టు నుంచి మైకు దాకా: బందా కనకలింగేశ్వరరావు



వేసవి సెలవులు ముగిసి బడి తెరిచిన రోజు మన తరగతిలో కొన్ని కొత్త ముఖాలు కనిపిస్తాయి, కొన్ని పాత ముఖాలు కనిపించవు. అమ్మకో నాన్నకో బదిలీ అయిందంటే మనకూ అయినట్టే. సామాను లారీ ఎక్కుతుంది. ఇల్లు, వీధి, స్నేహితులు వెనక ఉండిపోతారు. మరి మనతో వచ్చేది ఏమిటి? ఈ ప్రశ్న మనసులో పెట్టుకొని ఈసారి మేము ఒక పెద్దాయన జీవితం చదివాం. ఆయన వకీలుగా మొదలై, రంగస్థల నటుడై, చివరికి రేడియో నాటకాలకు పెద్ద దిక్కయ్యారు. ఆయన పేరు బందా కనకలింగేశ్వరరావు.

రేడియో మనకు కొత్త కాదు. మన గోరిమేడులోనే ఆకాశవాణి పుదుచ్చేరి కేంద్రం ఉంది. అక్కడ ఎక్కువగా వినిపించేది తమిళం. మనలో చాలామందికి తెలుగు పుస్తకంలో కంటే చెవిలోనే ఎక్కువగా ఉంటుంది. ఇంట్లో మాటలు, అమ్మమ్మ ఫోను, పండగకు ఊరెళ్లినప్పుడు విన్న కబుర్లు, అంతే. అందుకే మాటను చెవి ద్వారా మనసుకు చేర్చిన ఈ మనిషి కథ మనకు కావాలి.

చదువు, వకాలత్తు

బందా వారు 1907లో ఆటపాక గ్రామంలో పుట్టారు. అప్పట్లో అది కృష్ణా జిల్లా, ఇప్పుడు ఏలూరు జిల్లా. కొల్లేరు సరస్సు పక్కన గూడబాతులు గుంపులుగా వచ్చి చేరే ఊరు అది. ఆయన న్యాయశాస్త్రం చదివి ఏలూరులో వకీలుగా పనిచేశారు.

వకీలు నాటకాలు ఆడడమేమిటని మనకు అనిపించవచ్చు. తెలుగు నాటకరంగంలో అది అలవాటైన సంగతే. బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు వకీలు, నాటక రచయిత. ఆయన మేనల్లుడు బళ్లారి రాఘవ కూడా వకీలే, గొప్ప నటుడు. మన పక్కనే ఉన్న తమిళ నాటకరంగాన్ని తీర్చిదిద్దిన పమ్మల్ సంబంధ ముదలియార్ కూడా న్యాయవాదే. కోర్టులో నిలబడి మాట్లాడేవాడికి మూడు సంగతులు తెలియాలి: ఏ మాట నొక్కి పలకాలి, ఎక్కడ ఆగాలి, వినేవాడి ముఖం ఎలా చదవాలి. నటుడికి కావలసినవీ అవే.

రంగస్థలం

బందా వారు ఏలూరులో ప్రభాత్ థియేటర్ అనే నాటక సంస్థ నెలకొల్పారు. శ్రీకృష్ణుడు, బిల్హణుడు, బాహుకుడు వంటి పాత్రలకు పేరు పొందారు. 1936లో వచ్చిన ‘ద్రౌపదీ మానసంరక్షణం’ సినిమాలో రాఘవ దుర్యోధనుడైతే ఈయన కృష్ణుడు. ‘సారంగధర’, ‘బాలనాగమ్మ’ సినిమాల్లోనూ నటించారు.

అప్పటి పద్య నాటకాల్లో నటుడు పద్యం ఎత్తుకొని రాగం తీస్తుంటే జనం ‘వన్స్ మోర్’ అని కేకలు వేసేవారు. కథ అక్కడే ఆగిపోయేది, అదే పద్యం మళ్లీ పాడాల్సి వచ్చేది. రాగం పెరిగేకొద్దీ మాట మరుగున పడే ప్రమాదం ఉంటుంది. బందా వారు పద్యంలోని భావానికి పెద్దపీట వేసిన నటుడు. మాట స్పష్టంగా, అర్థం తెలిసేలా పద్యం చదవడంలో ఆయనది పేరున్న పద్ధతి.

రేడియోలో

విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. బందా వారు ఆ కేంద్రంలో నాటక విభాగం ప్రొడ్యూసర్‌గా చేరారు. తెలుగు ఇళ్లలోకి టీవీ రావడానికి ఇంకా చాలా ఏళ్లు ఉంది. నాటకం ఇంటికి రావడానికి రేడియో మంచి దారి.

రేడియో నాటకంలో తెర లేదు, కిరీటం లేదు, దీపాలు లేవు. నటుడు మైకుకు దగ్గరగా నిలబడితే పక్కన కూర్చొని మాట్లాడుతున్నట్టు ఉంటుంది. రెండడుగులు వెనక్కి వేస్తే దూరంగా వెళ్తున్నట్టు ఉంటుంది. కొబ్బరి చిప్పలు తాటిస్తే గుర్రం వస్తుంది, రేకు ఊపితే ఉరుము ఉరుముతుంది. చేతిలోని కాగితం గలగలమంటే మాత్రం నాటకం పాడవుతుంది. రంగస్థలం మీద చివరి వరుసకు వినపడేలా గొంతెత్తాలి. రేడియోలో అలా అరిస్తే, పెట్టె పక్కనే కూర్చున్న శ్రోత చెవులు మూసుకుంటాడు. పైగా రేడియోకు ‘వన్స్ మోర్’ లేదు. చెప్పిన మాట ఆ ఒక్కసారే అర్థం కావాలి. భావానికి విలువ ఇచ్చే నటుడికి ఇంతకంటే తగిన చోటు ఏముంటుంది?

వాదన ఆగలేదు

నల్లకోటు తీసినా ఆయనలోని వకీలు ఊరుకోలేదు. ఈసారి ఆయన చేపట్టిన కేసు కూచిపూడి. 1958లో ఢిల్లీలో జరిగిన నృత్య సదస్సులో కూచిపూడి నృత్య నాటకం గురించి ఆయన పత్రం చదివారు. కూచిపూడి గ్రామంలో సిద్ధేంద్ర కళాక్షేత్రం ఏర్పడడానికీ పాటుపడ్డారు. మన బడి వార్షికోత్సవంలో ఈరోజు కూచిపూడి నాట్యం చూస్తున్నామంటే, దాని కోసం వాదించినవారిలో ఈయన ఒకరు. 1964లో కేంద్ర సంగీత నాటక అకాడమీ ఆయనకు నటనకు అవార్డు ఇచ్చింది. 1968లో ఆయన కన్నుమూశారు.

మనం నేర్చుకునేది

ఆయనకు పేరు తెచ్చిన బాహుకుడి కథ గుర్తు చేసుకుందాం. నల మహారాజును కర్కోటకుడు కాటేస్తాడు. రూపం మారిపోతుంది. బాహుకుడు అనే పేరుతో, ఋతుపర్ణుడి కొలువులో సారథిగా పరాయి ఊళ్లో బతుకుతాడు. చూస్తే ఎవరూ గుర్తుపట్టరు. దమయంతి మాత్రం అతను వండిన వంట రుచి చూసి, అతని మాటలు ఆరా తీసి పోల్చుకుంటుంది. రూపం మారింది, ఊరు మారింది, పేరు మారింది. చేతి పనితనం, నోటి మాట మారలేదు.

బందా వారి జీవితమూ అంతే. కోర్టులో వాదించిన గొంతే వేదిక మీద పద్యమైంది, రేడియోలో నాటకమైంది. కొత్త చోటికి వెళ్లిన ప్రతిసారీ ఆ గొంతు తగ్గాల్సిన చోట తగ్గింది, నిదానించాల్సిన చోట నిదానించింది. పోలేదు. మన తెలుగు కూడా అలాంటి సామానే. లారీ ఎక్కించనక్కర్లేదు. వాడకపోతే మాత్రం తుప్పు పడుతుంది.

చేసి చూద్దాం

1. మీకు నోటికి వచ్చిన ఒక వేమన పద్యం తీసుకోండి. మొదట మైదానం అవతల ఉన్న స్నేహితుడికి వినపడేలా చదవండి. తరువాత అదే పద్యాన్ని ఫోనులో, చెవి దగ్గర చెబుతున్నట్టు చదివి రికార్డు చేయండి. రెండింటిలో ఏం మారిందో రాయండి.

2. ఆ రికార్డు అమ్మమ్మకో తాతయ్యకో పంపండి. ఏ మాట సరిగా వినపడలేదో అడగండి. దాన్ని సరిదిద్దుకొని మళ్లీ పంపండి.

3. మీరు ఇంతవరకు ఉన్న ఊళ్ల పేర్లు వరుసగా రాయండి. ఒక్కో ఊరి నుంచి మీ మాటలో చేరిన ఒక్కో పదం పక్కన రాయండి. వచ్చే సంచికలో అన్నీ కలిపి ప్రచురిద్దాం.