మార్కులు కాదు, విన్నది రాయి

సికింద్రాబాద్,
ఆదివారం ఉదయం.

చిరంజీవి చిన్నాకి,

మొదటి జీతం చేతికి రాగానే నువ్వు ఐదు ఆల్బమ్‌లు కొన్నావని అక్క నిన్న ఫోన్‌లో చెప్పింది. "ఆ చప్పుడుకి అంత డబ్బా తమ్ముడూ" అని వాపోయింది. నాకు మాత్రం మనసు నిండిపోయింది. నెలకింత కట్టి ఫోన్‌లో వినేవాళ్ళే ఎక్కువైన ఈ రోజుల్లో, సొంత డబ్బుతో ఆల్బమ్ కొని, అట్ట మీది పేర్లు చదువుతూ వినే కుర్రాడు మన ఇంట్లో ఉన్నాడు కదా అనుకున్నాను.

రాత్రి నువ్వు పంపిన జాబితా చూశాను. ఒక్కోదానికీ పదికి ఇన్ని అని మార్కులు, పక్కన ఒక్క ముక్క. బ్లాక్ సబ్బాత్ మొదటి ఆల్బమ్‌కి ఐదు, "నత్తనడక". జుడాస్ ప్రీస్ట్ 'బ్రిటిష్ స్టీల్'కి ఆరు, "మరీ సులువు". మెటాలికా 'అండ్ జస్టిస్ ఫర్ ఆల్'కి తొమ్మిది, "క్లాసిక్". ఓపెత్ 'ది లాస్ట్ విల్ అండ్ టెస్టమెంట్'కి నాలుగు, "అర్థం కాలేదు". మన హైదరాబాద్ బ్యాండ్ గాడ్‌లెస్ 'స్టేట్స్ ఆఫ్ కేయాస్'కి పదికి పది, "మనవాళ్ళు". తక్కువ మార్కులొచ్చిన రెండూ అమ్మేస్తానని చివర్లో రాశావు. అమ్మే ముందు ఈ ఉత్తరం చదువు.

నచ్చనిదాన్ని నచ్చలేదనే హక్కు నీకుంది. కానీ ఐదూ ఒక్క శనివారంలో వినేశావు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే తెలుస్తుంది. ఆల్బమ్ దగ్గర ఆ లెక్క కుదరదు. మొదటిసారి వినేటప్పుడు మన చెవిలో పడేది సగం ఆల్బమైతే, మిగతా సగం మన అలవాటే.

ఈ తప్పు నేను చేశాను కాబట్టే నీకు చెబుతున్నాను. డిగ్రీ చదివే రోజుల్లో, ఒక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల మధ్య ఇదే సబ్బాత్ క్యాసెట్ దొరికింది. హాస్టల్‌కి తెచ్చి ఒకసారి విన్నాను. నువ్వన్న మాటే నేనూ అన్నాను, సాగుతోందని. చెరగకుండా ఉండడానికి క్యాసెట్ పైన విరిచిన గాళ్ళకి కాగితం అంటించి, రెండు వైపులా సినిమా పాటలు ఎక్కించుకున్నాను. మూడు నాలుగేళ్ళ తర్వాత ఒక రాత్రి ఆ పాటలు వింటూ ఉన్నాను. రెండో వైపు చివర సినిమా పాటలు అయిపోయాయి. చెరగకుండా మిగిలిపోయిన కొద్దిపాటి టేపులోంచి సబ్బాత్ గిటారిస్టు టోనీ అయోమి వాయింపు వచ్చింది. లేచి కూర్చున్నాను. వెనక్కి తిప్పి మళ్ళీ మళ్ళీ విన్నాను. మారింది నా చెవి. అప్పటికి మిగతాదంతా నా చేతులతోనే చెరిపేసుకున్నాను. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

ఇక నువ్వు నత్తనడక అన్న ఆ ఆల్బమ్ సంగతి. 1969 అక్టోబరులో లండన్‌లో ఒక్క రోజులో రికార్డు చేసిన సంగీతం అది. 1970 ఫిబ్రవరి 13న విడుదలైంది. బర్మింగ్‌హామ్ ఇనుప రేకుల ఫ్యాక్టరీలో పనిచేసిన అయోమి, పదిహేడేళ్ళ వయసులో, ఉద్యోగం మానేసే రోజునే యంత్రంలో కుడిచేతి రెండు వేళ్ళ కొసలు పోగొట్టుకున్నాడు. అతనిది ఎడమచేతి వాటం కాబట్టి తీగలు నొక్కాల్సింది ఆ వేళ్ళే. ఆ స్థితిలో ఫ్యాక్టరీ మేనేజరు ఒక రికార్డు పట్టుకొచ్చి వినమన్నాడు. గిటార్ అనే మాటే వినే ఓపిక లేదన్నాడు అయోమి. ఆయన పట్టుబట్టి వినిపించాడు. అది మంటల్లో కాలి రెండు వేళ్ళు పనికిరాకుండా పోయిన గిటారిస్టు జాంగో రైన్‌హార్ట్ వాయించింది. ఆ తర్వాతే అయోమి ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్ళకి తొడుగులు చేసుకున్నాడు, పలుచని తీగలు వెతుక్కున్నాడు. విననన్నవాడు ఒక్కసారి మనసు పెట్టి వినడం వల్ల మనకి ఈ సంగీతం దక్కింది.

ఆల్బమ్ మొదటి పాటలో వాన, గంట, ఉరుము అయ్యాక గిటార్ మూడే స్వరాలు పలుకుతుంది. షడ్జమం, పై షడ్జమం, ఆపైన కిందికి దిగి ప్రతి మధ్యమం. ఆ చివరి స్వరం దగ్గర ఆగి వణుకుతుంది. పాశ్చాత్యులు ఆ అంతరానికి దెయ్యం పేరు పెట్టారు. మీ అమ్మ చిన్నప్పుడు రోజూ పాడిన కల్యాణిలో ఉన్నదీ ఆ ప్రతి మధ్యమమే. అక్కడ వెలుగునిచ్చే స్వరం ఇక్కడ భయపెడుతుంది. ఆ తేడా చెవికి అందాలంటే పాట అంత నెమ్మదిగా నడవాల్సిందే. ఇంకో సంగతి కూడా అమ్మకి చెప్పు. మెటల్ సంగీతంలో అస్తమానం వినిపించే పవర్ కార్డ్‌లో ఉండేవి షడ్జమం, పంచమం. తంబురా పలికేవీ అవే. గిటార్ ధ్వనిని అంతగా చీల్చినప్పుడు గాంధారం కూడా కలిస్తే అంతా బురద అయిపోతుంది. అందుకే దాన్ని వదిలేస్తారు.

'బ్రిటిష్ స్టీల్' మరీ సులువన్నావు. అంత సులువుగా తేల్చడం ఎంత కష్టమో చూడు. 'బ్రేకింగ్ ది లా' రెండున్నర నిమిషాల పాట, గిటార్ సోలో కూడా లేదు. ఇద్దరు గొప్ప గిటారిస్టులున్న బ్యాండ్ సోలో వద్దనుకుందంటే అది ఆలోచించి తీసుకున్న నిర్ణయం. 1980 నాటికి కావలసిన చప్పుళ్ళు కంప్యూటర్‌లో దొరికేవి కావు. అందుకని ఆ పాట కోసం పాల సీసాలు పగలగొట్టారు. 'మెటల్ గాడ్స్'లో ఇనుప అడుగుల మోత కోసం చెంచాలు, ఫోర్కులు ఉన్న సొరుగులు గలగలలాడించారు. ఈసారి ఆ చప్పుళ్ళు ఎక్కడున్నాయో వెతుకుతూ విను. అప్పటికీ ఆరే అనిపిస్తే అది నీ మాట, దాన్ని గౌరవిస్తాను. ఆల్బమ్ అంతటా ఆ బిగువు నిలవలేదని నాకూ అనిపిస్తుంది.

'జస్టిస్'కి నువ్వు వేసిన తొమ్మిది మాత్రం నన్ను కలవరపెట్టింది. అది నీ తొమ్మిదేనా? "క్లాసిక్" అనేది నీకు వినిపించిన విషయమా, ఎవరో అనగా విన్న మాటా? హెడ్‌ఫోన్ పెట్టుకుని బేస్ గిటార్ ఎక్కడుందో వెతుకు. దొరకదు. 1986 సెప్టెంబరు 27న స్వీడన్‌లో బస్సు బోల్తాపడి మెటాలికా బేస్ గిటారిస్టు క్లిఫ్ బర్టన్ చనిపోయాడు. అతని స్థానంలో జేసన్ న్యూస్టెడ్ వచ్చాక చేసిన మొదటి పూర్తి ఆల్బమ్ ఇదే. కొత్తవాడు వాయించిన బేస్ దాదాపు వినపడకుండా తగ్గించేశారు. బ్యాండ్ కోరితేనే అలా చేశామని మిక్సింగ్ చేసిన ఇంజినీర్ తర్వాతి కాలంలో చెప్పాడు. పాటలు గొప్పవే, నాకు ప్రాణం. అయినా ఆ లోటు లోటే. పెద్ద పేరు చూసి జంకి, విన్నదాన్ని మింగేయకు.

గాడ్‌లెస్ దగ్గరా ఇంతే. పెరటి చెట్టు మందుకు పనికిరాదనుకునేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. నువ్వు దాన్ని తిరగేసి, పెరటి చెట్టు కాబట్టే అమృతం అంటున్నావు. రెండు చోట్లా చెట్టుని ఎవరూ రుచి చూడలేదు. ఆ గొంతుని విను. ఆ గర్జన అరుపు కాదు. అసలు స్వరతంత్రుల పైన ఉండే మడతల్ని కంపింపజేసే సాధన, తెలియక చేస్తే గొంతు పోతుంది. డ్రమ్స్ ఎక్కడ వేగం మార్చాయో, గిటార్లు రెండూ ఎక్కడ విడిపోయాయో రాయి. మన ఊరి కుర్రాళ్ళకి పదికి పది కన్నా, అంత శ్రద్ధగా విన్న ఒక్క శ్రోత ఎక్కువ మేలు చేస్తాడు.

చివరికి ఓపెత్. దాన్ని ఇంటి గొడవలా విను, అర్థమవుతుంది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన కాలం. ఇంటిపెద్ద పోయాడు, పిల్లల ముందు వీలునామా చదువుతున్నారు, ఒక్కో పేరాలో ఒక్కో రహస్యం బయటపడుతోంది. అందుకే ఏడు పాటలకి పేర్లు లేవు, పేరా సంఖ్యలే. చివరిదానికి మాత్రమే పేరుంది. 2008లో వచ్చిన 'వాటర్‌షెడ్' తర్వాత ఈ 2024 ఆల్బమ్ దాకా ఓపెత్ గాయకుడు మికేల్ ఓకర్‌ఫెల్ట్ ఏ ఆల్బమ్‌లోనూ గర్జించలేదు. ఇందులో అది చనిపోయిన తండ్రి గొంతులా తిరిగొచ్చింది.

మధ్యలో ఒక పెద్దమనిషి మాటలు, వేణువు వినిపిస్తాయి చూడు. ఆయన జెత్రో టల్ బ్యాండ్ నాయకుడు ఇయన్ ఆండర్సన్. 1989లో గ్రామీ వాళ్ళు హార్డ్ రాక్, మెటల్‌కి మొదటిసారి బహుమతి పెట్టినప్పుడు, 'జస్టిస్'కే వస్తుందని అందరూ అనుకుంటే అది జెత్రో టల్‌కి వెళ్ళింది. అంతకు సుమారు ఇరవయ్యేళ్ళ ముందు, 1968లో, అయోమి కొన్ని వారాలు ఆ టల్‌లోనే ఉండి, పొద్దున్నే సాధనకి కూర్చునే క్రమశిక్షణ అక్కడే నేర్చుకుని తన వాళ్ళ దగ్గరికి వచ్చాడు. నువ్వు అమ్మేద్దామనుకున్న రెండు ఆల్బమ్‌లూ, నువ్వు తొమ్మిదిచ్చిన ఆల్బమూ ఇలా చుట్టాలు. మార్కుల పట్టికలో ఈ చుట్టరికం కనిపించదు.

అందుకని ఒక నోటుపుస్తకం కొనుక్కో. ఒక్కో ఆల్బమ్‌కి ఒక్కో పేజీ. మొదటిసారి ఫోన్ పక్కన పెట్టి ఊరికే విను. రెండోసారి సాహిత్యం చదువుతూ విను. వారం ఆగి మూడోసారి ఒక్క వాద్యాన్నే పట్టుకుని వెళ్ళు. అప్పుడు రాయి, ఏం వినిపించింది, ఎక్కడ మళ్ళీ వినాలనిపించింది, ఎక్కడ విసుగొచ్చింది, ఎందుకు. రెండు ఆల్బమ్‌లని పోల్చేటప్పుడు వాల్యూమ్ సమానంగా పెట్టుకో. గట్టిగా మోగేదే మేలైనదని చెవి మోసపోతుంది.

చెవుల సంగతి వచ్చింది కాబట్టి ఇదొక్కటి ఆజ్ఞ అనుకో. 85 డెసిబెల్స్ దగ్గర చెవి ఎనిమిది గంటలు తట్టుకుంటుంది. ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతుంది. 100 దగ్గర పావుగంటే. 2016లో ఏసీ/డీసీ గాయకుడు బ్రయాన్ జాన్సన్ చెవుల కోసం పర్యటన మధ్యలోనే తప్పుకోవాల్సి వచ్చింది. కాలేజీలో ఒక కచేరీకి స్పీకర్ పక్కనే నిలబడ్డందుకు నా ఎడమ చెవిలో ఇప్పటికీ కీచుమంటుంది. కచేరీలకి ఇయర్‌ప్లగ్స్ పెట్టుకుని వెళ్ళు.

దసరాకి వచ్చేటప్పుడు ఐదు ఆల్బమ్‌లూ, ఐదు పేజీలూ తీసుకురా. నాతో విభేదించే పేజీ ముందు చదువుదాం. ఆ పాత క్యాసెట్ ఇంకా నా దగ్గరే ఉంది. చివర మిగిలిన ఆ కొద్దిపాటి టేపు కోసం దాన్ని పారేయలేదు. ఈసారి అది నీకిస్తాను. ఏ ఆల్బమైనా అమ్మేయాలనిపించిన రోజున ముందు దాన్ని విను.

నాన్నగారిని అడిగానని చెప్పు. వేళకి తిను.

ఆశీస్సులతో,
మీ మామయ్య