నత్తలు: ఆహారమా? ఔషధమా?



వానలు పడగానే చెరువుల్లో, వరి మళ్లలో నత్తలు కనబడతాయి. కొందరు కూర వండుకుంటారు. కంటి జబ్బుకు, ఆయాసానికి నత్త మంచి మందని చెప్పేవారూ ఉన్నారు. ఇందులో ఏది మేలో, ఏది కీడో ఈ పాఠములో తెలుసుకుందాము.

పోషక విలువలు: 100 గ్రాముల నత్త మాంసములో సుమారు 16 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. కొవ్వు 2 గ్రాములకంటె తక్కువ. ఇనుము, మెగ్నీషియం కూడా లభిస్తాయి. జాతిని బట్టి ఇవి కొంత మారతాయి. వేటమాంసము కొనలేని కుటుంబానికి ఇది బలమైన ఆహారమే. తినడానికి సిగ్గుపడనవసరము లేదు.

వండే విధానము: మురుగు కాలువల్లో, పురుగుమందు చల్లిన పొలాల్లో ఏరవద్దు. బ్రతికున్న నత్తలను రాత్రంతా మంచినీటిలో ఉంచి, నీరు మార్చి, బాగా కడగాలి. నీళ్లు మరిగాక కనీసము 10 నిమిషాలు ఉడికించి, మాంసము తీసి, పేగు పారవేసి, అప్పుడు కూర వండాలి. ముట్టుకున్న చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

పచ్చిగా తినవద్దు: ఎలుకల ఊపిరితిత్తులలో ఉండే ఒక పురుగు పిల్లలు నత్తలలో చేరతాయి. పచ్చి నత్త తిన్నవారికి అవి మెదడు పొరల వాపు తెస్తాయి. తీవ్రమైన తలనొప్పి, వాంతులు, మెడ బిగుసుకోవడం కనబడితే వెంటనే ఆసుపత్రికి రండి. నత్త తిన్న సంగతి డాక్టరుగారికి దాచకుండా చెప్పండి.

కంటిలో వేయవద్దు: నత్తలోని నీరు శుభ్రమైనది కాదు. అందులోని క్రిముల వలన నల్లగుడ్డుపై పుండుపడి చూపే పోవచ్చు. కన్ను ఎర్రబడితే కంటి డాక్టరుకు చూపించండి.

ఆయాసము ఉన్నవారికి: ఇంటి దుమ్ములోని సన్నని పురుగులు పడనివారిలో కొందరికి నత్త కూడా పడదు. అట్టివారు తింటే ఆయాసము తగ్గకపోగా ఎక్కువ కావచ్చు.

నత్తనుండి మందు రాలేదా? వచ్చింది. సముద్రపు నత్త ఒకదాని విషములోని పదార్థమును పోలినదానిని ప్రయోగశాలలో తయారుచేశారు. దాని పేరు జికోనోటైడ్. భరించలేని నొప్పికి వెన్నులోని ద్రవములోనికి ఎక్కించే ఈ మందుకు 2004లో అమెరికాలో అనుమతి లభించింది. అది ఎన్నో పరీక్షల తరువాత వచ్చిన మందు, పచ్చి నత్త రసము కాదు.

కాబట్టి నత్తను బాగా ఉడికించి కంచములో పెట్టుకోండి, కంటిలో మాత్రము వేయకండి. దేవుడు మీకు ఆరోగ్యము దయచేయును గాక.