న్యూజిలాండ్ వార్డులో డ్యూటీకి ముందు

న్యూజిలాండ్‌లో నర్సు ఉద్యోగానికి వెళ్లేవాళ్లు ఇంటర్వ్యూ కోసం రెండు సంగతులు బట్టీ పడుతుంటారు: అక్కడి మూలవాసులైన మావోరీలకూ బ్రిటిష్ ప్రభుత్వానికీ మధ్య 1840లో కుదిరిన వైతాంగి ఒప్పందం, ‘కల్చరల్ సేఫ్టీ’ (సాంస్కృతిక భద్రత). మొదటిది బట్టీ పడితే వచ్చేదే. రెండోది అలా రాదు. పైకి చూస్తే అవి కొన్ని నియమాలే. మావోరీలకు తల పవిత్రం, అడక్కుండా తాకకూడదు. తలకింది దిండును కాళ్లకింద పెట్టకూడదు. తిండి బల్లమీద బెడ్‌పాన్ పెట్టకూడదు. కాన్పు అయ్యాక మాయను ఏం చేయమంటారో ఇంటివాళ్లను అడగాలి. దాన్ని సొంత నేలలో పాతిపెట్టడం చాలామందికి ఆనవాయితీ. మడి, ఎంగిలి చూస్తూ పెరిగిన మనకు ఇవి తొందరగానే అలవాటవుతాయి. అలవాటయ్యాయి గనక ఇక అంతా వచ్చేసిందనుకోవడంలోనే ఉంది చిక్కు.

1988లో క్రైస్ట్‌చర్చ్‌లో జరిగిన ఒక సమావేశంలో, చట్టపరమైన భద్రత, నైతిక భద్రత అంటూ ఇన్ని చెబుతున్నారే, మరి మా సంస్కృతికి భద్రత ఏదని ఒక మావోరీ నర్సింగ్ విద్యార్థిని అడిగింది. ఆ ప్రశ్నను ‘కల్చరల్ సేఫ్టీ’ పాఠంగా మలిచింది మావోరీ నర్సు ఇరిహపెతి రామ్స్‌డెన్. 1992లో నర్సింగ్ కౌన్సిల్ దాన్ని శిక్షణలో చేర్చింది. రోగి ఆచారాల కన్నా ముందు నర్సు తన నమ్మకాలను తరచి చూసుకోవాలన్నది ఆమె పట్టు. అందిన సేవ సురక్షితమో కాదో తేల్చేది కూడా రోగే.

తరచి చూసుకోవడానికి హ్యాండోవర్ మంచి చోటు. షిఫ్ట్ మారేటప్పుడు మీ నోట వచ్చే మాటలు వినండి. ‘మొండివాడు, మందులు వేసుకోడు’ అంటే అది మీ అభిప్రాయం. ‘రాత్రి మాత్ర వద్దన్నాడు, వేసుకుంటే కడుపులో తిప్పుతోందట’ అంటే అది సమాచారం. మొదటి మాట విన్న నర్సు చిరాకుతోనే మంచం దగ్గరికి వెళ్తుంది. ‘గదినిండా చుట్టాలే’ అన్నదీ అంతే. మన ఊరి ఆసుపత్రిలో రోగి చుట్టూ పదిమంది చేరితే మనకు తప్పనిపించదు కదా!

మనవాళ్లే పేషెంట్లయినప్పుడు ఇంకా జాగ్రత్త కావాలి. ఆక్లండ్‌లో ఒక తెలుగు కొడుకు మిమ్మల్ని పక్కకు పిలిచి, ‘సిస్టర్, నాన్నకి క్యాన్సర్ అని చెప్పకండి’ అనవచ్చు. మీ మనసూ సరేనంటుంది, మనం పెరిగింది అలాగే. కానీ 1996 నుంచి అమల్లో ఉన్న రోగుల హక్కుల కోడ్ ప్రకారం తన జబ్బు సంగతి తెలుసుకునే హక్కు ఆ పెద్దాయనది. కొడుకుకు మాట ఇవ్వకండి, కసరకండి. డాక్టరుకు చెప్పి, ఆ పెద్దాయననే అడిగేలా చూడండి: ‘రిపోర్టుల సంగతి మీకే చెప్పమంటారా, అబ్బాయి కూడా ఉండాలా?’ అబ్బాయికే చెప్పమని ఆయన అంటే అది ఆయన నిర్ణయం. అనువాదానికి మాత్రం కొడుకును నిలబెట్టకండి, ఇంటర్‌ప్రెటర్‌ను పిలిపించండి.

ఇక గర్భస్రావం. మీ నమ్మకం ఒప్పుకోకపోతే ఆ పనికి దూరంగా ఉండవచ్చు. అయితే 2020 చట్టం ప్రకారం ఆ సంగతి ఆ సేవ కోరి వచ్చినామెకు వీలైనంత త్వరగా చెప్పాలి, దగ్గరలో ఆ సేవ అందించేవాళ్ల వివరాలు ఎలా దొరుకుతాయో కూడా చెప్పాలి. ముఖం చిట్లించకుండా చెప్పాలని వేరే అనక్కర్లేదు. మీకు అలాంటి అభ్యంతరం ఉంటే చేరిన కొత్తలోనే ఇన్‌ఛార్జి నర్సుకు చెప్పి ఉంచండి, వీలైనంతవరకు డ్యూటీలు ఆ ప్రకారం వేస్తారు.