పెరటి కోళ్లు: జబ్బును ముందే పసిగట్టడం ఎలా?

పుదుచ్చేరి వైట్ టౌన్‌లోని పాత ఫ్రెంచ్ ఇళ్లకు వీధివైపు ఎత్తైన ప్రహరీలు, లోపల చెట్ల నీడ ఉన్న పెరళ్లు కనిపిస్తాయి. అలాంటి పెరట్లో నాలుగైదు కోళ్లను హాయిగా పెంచుకోవచ్చు. ప్రహరీ కుక్కలను ఆపుతుంది, చెట్టుకొమ్మలు గద్దకు అడ్డుపడతాయి. గుడ్లకు పుంజు అవసరం లేదు కాబట్టి తెల్లవారుజామున ఇరుగుపొరుగు నిద్ర కూడా చెడదు. అయితే ఈ చోటుకు ఒక చిక్కు ఉంది. పక్కనే సముద్రం కావడంతో గాలిలో తేమ ఎక్కువ. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వానలు పడతాయి. గోడల మధ్య ఉన్న నేల తొందరగా ఆరదు. కోళ్లకు వచ్చే చాలా జబ్బులకు తడి నేలే పుట్టిల్లు.

రెండో చిక్కు కోడి స్వభావంలోనే ఉంది. నలతగా కనిపించిన పక్షిని తోటి కోళ్లు పొడుస్తాయి, వేటాడే జంతువు కూడా ముందు దాన్నే ఎంచుకుంటుంది. అందుకే కోడి తన బలహీనతను వీలైనంత వరకు దాస్తుంది. ‘నిన్నటిదాకా బాగానే ఉంది, పొద్దున చూస్తే చచ్చిపడి ఉంది’ అనే మాట తరచూ వినిపించేది ఇందుకే. చాలాసార్లు జబ్బు అంతకుముందే మొదలై ఉంటుంది. రోజూ పొద్దున రెండు నిమిషాలు శ్రద్ధగా చూసే అలవాటు ఉంటే ఆ తొలి గుర్తులు దొరుకుతాయి.

ముందు ఆరోగ్యాన్ని గుర్తుపట్టాలి

గూడు తలుపు తీయగానే ఆరోగ్యంగా ఉన్న కోడి మేత కోసం పరుగెత్తుకొస్తుంది. తురాయి, తమ్మెలు నిండుగా ఉంటాయి. కళ్లు తేటగా ఉంటాయి, ముక్కు పొడిగా ఉంటుంది. మెడ అడుగున మేత నిలిచే సంచి రాత్రికి నిండి, తెల్లారేసరికి ఖాళీ అవుతుంది. పొద్దున మేత వేయకముందే అది గట్టిగా లేదా నీళ్ల సంచిలా తగిలితే లోపల మేత కదలడం లేదని అర్థం.

కోడి ఒంటి వేడి మామూలుగానే 41 నుంచి 42 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. చేతికి వెచ్చగా తగిలినంత మాత్రాన జ్వరం అనుకోకూడదు. దానికి చెమట పట్టదు. అందుకే ఎండాకాలంలో నోరు తెరిచి వగరుస్తూ, రెక్కలు దూరంగా పట్టుకుని ఒళ్లు చల్లబరచుకుంటుంది. నీడలోకి మార్చి చల్లని నీళ్లు పెడితే కాసేపటికి తేరుకుంటుంది. చల్లని పూట కూడా నోరు తెరిచి ఊపిరి తీస్తుంటే మాత్రం అది జబ్బే.

కొన్ని మార్పులు జబ్బులా కనిపిస్తాయి కానీ కావు. ఏడాదికోసారి పాత ఈకలు రాల్చి కొత్తవి మొలిపించుకునే రోజుల్లో కోడి గుడ్లు మానేస్తుంది. పొదుగుకు కూర్చున్న పెట్ట మేత తగ్గించి, దగ్గరికి వెళ్తే ఒళ్లు ఉబ్బించి కసురుకుంటుంది. దుమ్ములో పొర్లే కోడి మూర్ఛ వచ్చినట్టు కనిపించినా, నిజానికి అది పేలను వదిలించుకుంటోంది.

గూడు పొడిగా ఉంటే సగం వైద్యం

రాత్రి పడుకునే గూట్లో ఒక్కో కోడికి మూడు, నాలుగు చదరపు అడుగుల చోటు, ఎక్కి కూర్చోవడానికి అడ్డకర్ర ఉండాలి. నేల మీద వరి ఊక మందంగా పరిచి, తరచూ తిరగేస్తూ, తడిసిన చోట తీసి కొత్తది వేయాలి. వాన జల్లు లోపలికి కొట్టకూడదు, గాలి మాత్రం ఆడాలి. ఊక తడిస్తే రెట్టలోంచి అమోనియా వాయువు పుడుతుంది. అది కోడి కళ్లను, ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. మనిషి వంగి కోడి ఎత్తులో ముక్కు పెట్టినప్పుడు కళ్లు మండితే, కోళ్లు రాత్రంతా ఆ గాలే పీలుస్తున్నాయన్నమాట.

నూకలు, తవుడు, వంటింటి మిగుళ్లు మాత్రమే తిన్న కోడికి మాంసకృత్తులు, కాల్షియం చాలవు. ఒక్కో గుడ్డు పెంకులో సుమారు 2 గ్రాముల కాల్షియం ఉంటుంది. మేతలో అది దొరక్కపోతే కోడి తన ఎముకల్లోంచి తీసి పెంకు కడుతుంది. పెంకు పలచబడటం, తోలుగుడ్లు రావడం దీనికి గుర్తు. ఆల్చిప్పల పొడిని వేరే గిన్నెలో పెడితే కావాల్సినంత తింటుంది.

రెట్ట చెప్పే సంగతులు

మామూలు రెట్ట ముద్దగా, పైన తెల్లటి పూతతో ఉంటుంది. ఆ తెలుపు యూరిక్ ఆమ్లం. పక్షులకు మూత్రం విడిగా ఉండదు. రోజులో ఒకటి రెండుసార్లు గోధుమరంగులో జిగటగా, వాసనతో వచ్చే రెట్ట కూడా మామూలే. అది పేగుల చివరనున్న తిత్తుల నుంచి వస్తుంది. కొత్తగా పెంచేవారు దాన్ని విరేచనమని కంగారుపడుతుంటారు.

రెట్టలో నెత్తురు కనిపిస్తే కంగారు పడాల్సిందే. మూడు నుంచి ఆరు వారాల పిల్లల్లో దీనికి ఎక్కువగా కారణమయ్యేది కాక్సిడియోసిస్. ఐమీరియా అనే ఏకకణజీవి పేగు గోడను చీలుస్తుంది. దాని గుడ్లలాంటి కణాలు రెట్టతో బయటపడి, వెచ్చని తడి ఊకలో ఒకటి రెండు రోజుల్లోనే మరో కోడికి సోకడానికి సిద్ధమవుతాయి. మామూలు క్రిమిసంహారకాలకు అవి లొంగవు, ఎండకు, పొడికి చస్తాయి. పిల్లలు ముడుచుకుని ఒకచోట చేరడం, రెక్కలు వాల్చడం, తురాయి పాలిపోవడం తొలి గుర్తులు. వెంటనే పశువైద్యుడి సలహాతో మందు వాడితే చాలావరకు బతుకుతాయి.

టీకాతోనే ఆగే కొక్కెర తెగులు

1926లో ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌లో, జావాలో కనిపించిన జబ్బును మన దేశంలో 1927లో కుమావూ కొండల్లోని రాణిఖేత్‌లో గుర్తించారు. అందుకే దీనికి రాణిఖేత్ వ్యాధి అని పేరు. తెలుగు పల్లెల్లో కొక్కెర తెగులు అంటారు. కోడి గురకపెడుతూ ఊపిరి తీస్తుంది, ఆకుపచ్చగా నీళ్లలా పారుతుంది, మెడ వంకర తిరుగుతుంది, కాళ్లూ రెక్కలూ చచ్చుబడతాయి. టీకా వేయని మందలో దాదాపు అన్నీ చనిపోవచ్చు. ఇది వైరస్ వల్ల వస్తుంది కాబట్టి మందు లేదు. మనుషుల కోసం కొన్న యాంటీబయాటిక్ మాత్ర నూరి పోయడం వల్ల వైరస్ చావదు. పైగా మందులకు లొంగని బాక్టీరియా పెరుగుతుంది, మందు అవశేషాలు గుడ్డులోకి చేరతాయి.

సాధారణంగా 5 నుంచి 7 రోజుల వయసులో కంట్లో లేదా ముక్కులో టీకా చుక్క వేస్తారు. నాలుగో వారం ప్రాంతంలో మరో మోతాదు, ఎనిమిది వారాలు దాటాక ఆర్2బి అనే టీకా సూదిమందుగా ఇస్తారు. ఇక్కడే పెరటి పెంపకందార్లకు ఇబ్బంది. ఒక్కో సీసాలో వంద కోళ్లకో అంతకన్నా ఎక్కువకో సరిపడా టీకా ఉంటుంది, కలిపాక కొద్ది గంటల్లోనే వాడేయాలి. కాబట్టి చుట్టుపక్కల పెంచేవారంతా ఒకే రోజున వేయించుకోవడం, లేదంటే టీకాలు పూర్తయిన రెండు మూడు నెలల కోళ్లనే కొనడం మేలు.

దోమలు, పురుగులు

వానల తర్వాత దోమలు పెరిగితే కోళ్ల మశూచి వ్యాపిస్తుంది. తురాయి, తమ్మెలు, కళ్ల చుట్టూ పొక్కులు లేచి నల్లటి చెక్కు కడతాయి. ఇవి చాలావరకు కొన్ని వారాల్లో మానిపోతాయి. నోట్లో పసుపు పొర కట్టి మేత దిగకపోతే మాత్రం ప్రాణానికి ముప్పు. పెరట్లో నీరు నిలవకుండా చూడటం, సమయానికి టీకా వేయించడం నివారణ మార్గాలు.

కోడి కారణం తెలియకుండా పాలిపోతుంటే రాత్రిపూట టార్చి వేసి గూటి సందులు చూడాలి. ఒక రకం ఎర్ర పురుగులు పగలు పగుళ్లలో దాగి, రాత్రి వచ్చి నెత్తురు పీలుస్తాయి. వాటిని కోడి ఒంటి మీద పగలు వెతికితే దొరకవు.

ఒకేసారి చనిపోతే కోయకూడదు

పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగమైన యానాం గోదావరి తీరాన ఉంది. ఆ గోదావరి జిల్లాల్లోనే 2025 ఫిబ్రవరిలో కోళ్లఫారాల్లో హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూ బయటపడింది. ఆ మరుసటి నెలలో పల్నాడు జిల్లాకు చెందిన ఒక చిన్నారి ఇదే వైరస్ సోకి చనిపోయింది. బర్డ్ ఫ్లూ మనుషులకు అరుదుగానే సోకుతుంది కానీ, సోకితే ప్రాణాంతకం కావచ్చు.

తురాయి నీలంగా మారడం, తల వాయడం, ఒకటి రెండు రోజుల్లో చాలా కోళ్లు వరుసగా చావడం దీని గుర్తులు. కొక్కెర తెగులులోనూ ఇలాగే జరగవచ్చు. రెండింటినీ కంటితో వేరుచేయడం కుదరదు, ప్రయోగశాల పరీక్షే తేల్చాలి. అందుకే జబ్బు కోడిని ‘చచ్చేలోపు కోసేద్దాం’ అనుకోవడం ప్రమాదకరం. దాన్ని కోసి ఈకలు పీకేటప్పుడే వైరస్ మనిషికి చేరే అవకాశం ఎక్కువ. చనిపోయిన కోళ్లను ఒట్టి చేతులతో ముట్టుకోకూడదు, కాలువలో పారేయకూడదు. పిల్లల్ని దూరంగా ఉంచి, వెంటనే ప్రభుత్వ పశువైద్యశాలకు చెప్పాలి. ఇలాంటి అంటువ్యాధుల గురించి తెలియజేయడం 2009 నాటి చట్టం ప్రకారం యజమాని బాధ్యత కూడా. పుదుచ్చేరి వాసులకు కురుంబపేట్‌లోని రాజీవ్ గాంధీ పశువైద్య విద్యా పరిశోధన సంస్థ అందుబాటులో ఉంది.

ఆరోగ్యంగా కనిపించే కోడి రెట్టలోనూ సాల్మొనెల్లా బాక్టీరియా ఉండొచ్చు. గూట్లో చెయ్యి పెట్టిన ప్రతిసారీ సబ్బుతో కడుక్కోవాలి. మాంసాన్నీ గుడ్లనూ బాగా ఉడికించి తినాలి, పచ్చి ముక్క పిల్లల నోటికి అందనివ్వకూడదు.

గూటి పక్కన ఒక చిన్న పుస్తకం వేలాడదీసి, ఏ రోజు ఎన్ని గుడ్లు వచ్చాయి, ఎవరు మేతకు ఆలస్యంగా వచ్చారు, రెట్ట ఎలా ఉంది అన్న మూడు సంగతులు రాసుకుంటే చాలు. తేడా కనబడిన కోడిని వెంటనే వేరే గంప కింద ఉంచి, మేత నీళ్లు విడిగా పెట్టి, మిగతావాటిని చూసుకున్నాకే దాని దగ్గరకు వెళ్లాలి. డాక్టర్ ‘ఎప్పటి నుంచి?’ అని అడిగినప్పుడు ఆ పుస్తకం జవాబు చెబుతుంది. వైద్యంలో సగం ఆ జవాబు మీదే ఆధారపడి ఉంటుంది.