మూడ్ పోయిందా, సరుకు అయిపోయిందా?
(ప్రశ్నలు – జవాబులు)

ప్రశ్న: ఒక పత్రికకు కథ పంపి ఎనిమిది నెలలైంది. వేసుకుంటామనీ లేదు, వద్దనీ లేదు. ఇంకో పత్రికకు పంపవచ్చా? ఇలాగైతే రాయాలన్న ఉత్సాహం ఎలా నిలుస్తుంది?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: ఈ నెల ఉత్తరాల్లో సగం ఇదే గోడు. అందరికీ కలిపి ఒక్కసారే చెబుతున్నాను. ‘ఈ కథ మరే పత్రిక పరిశీలనలోనూ లేదు’ అని హామీపత్రం మీద సంతకం చేశారు కదా. అందుకని ముందు ఆ పత్రికకు ‘నా కథను వెనక్కి తీసుకుంటున్నాను’ అని మెయిల్ పెట్టండి. పదిరోజులాగి రెండోచోటికి పంపండి. చెప్పకుండా పంపితే ఒకే ఆదివారం రెండుచోట్లా అచ్చయ్యే యోగం సరిగ్గా మీకే పడుతుంది. ఆ తర్వాత రెండుచోట్లా మీ పేరు చూడగానే పక్కన పడేస్తారు. నవ్య, ఆంధ్రభూమి వారపత్రికలు ఆగిపోయాక మిగిలిన కాసిని పేజీల మీదే అందరి కథలూ వచ్చి పడుతున్నాయి. ఆదివారం అనుబంధంలో వారానికి ఒక కథకు చోటుంటే గొప్ప. ఉగాదికో దీపావళికో పోటీ పెట్టారంటే, అందులో బహుమతి రాకున్నా సాధారణ ప్రచురణకు తీసుకున్నవాటితోనే నెలలు గడిచిపోతాయి. మీ కథ నచ్చలేదని ఎందుకనుకోవాలి? ఇంకా ఎవరూ తెరిచి ఉండకపోవచ్చు. నా అనుమానం వేరే ఉంది. ఈ ఎనిమిది నెలల్లో మీరు ఇంకో కథ రాయలేదు. రాసి ఉంటే ఉత్తరంలో దాని ఊసు వచ్చేది.

ప్రశ్న: రోజుకు ఎన్ని పేజీలు రాస్తే రచయిత కావచ్చు?
– డిగ్రీ విద్యార్థి, కరీంనగర్

జవాబు: రాసినవాటిలో ఎన్ని చింపారో చెప్పండి, లెక్క కడదాం.

ప్రశ్న: పోచంపల్లి నేతగాడి మీద నవల మొదలుపెట్టాను. ఐదో అధ్యాయంలో ఆగి ఏడాది దాటింది. మొదట్లో రాత్రి రెండింటిదాకా రాసేదాన్ని. ఇప్పుడు ఆ నోటుబుక్కు చూస్తేనే నీరసం. మోటివేషన్ వీడియోలు చూస్తున్నాను, చూసినంతసేపూ బాగుంటుంది. రాసినంతవరకూ జత చేశాను. పోయిన మూడ్ తిరిగి రావాలంటే ఏం చేయాలి?
– ఎస్., సూర్యాపేట

జవాబు: అన్నీ చదివాను తల్లీ. మీకు పోయింది మూడ్ కాదు, సరుకు అయిపోయింది. మీ నేతగాడు పేజీకోసారి నిట్టూరుస్తాడు. మగ్గం చప్పుడు గుండెచప్పుడులా వినిపించిందని రెండుచోట్ల రాశారు. సరే, ఆయనకు చీరకు కూలి ఎంత? పట్టు ఎవరిస్తారు? షావుకారుకు ఎంత బాకీ? వానాకాలం మగ్గం గుంటలో చెమ్మ ఊరితే ఏం చేస్తాడు? ఆయన భార్య మీ నవలలో టీ ఇస్తుంది, కొంగుతో కళ్లు తుడుచుకుంటుంది, మళ్లీ టీ ఇస్తుంది.

ఆ నేత ఇళ్లలో ఆడవాళ్లు ఆసు పోసేవాళ్లు. అర్ధచంద్రాకారపు చట్రం, దాని అంచున వరసగా మేకులు. ఈ కొస నుంచి ఆ మేకుకూ, ఆ మేకు నుంచి ఈ కొసకూ పోగు తిప్పుతూ ఉండాలి. ఒక్క చీరకు చెయ్యి వేలసార్లు వెళ్లి రావాలి. ఆ తర్వాతే రంగు అంటకూడనిచోట పోగులకు చిటికి కట్టడం, రంగుల్లో ముంచడం, మగ్గానికి ఎక్కించడం. ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం అనే ఆయన, ఆసు పోసి పోసి తల్లి లక్ష్మి పడే భుజంనొప్పి చూడలేక యంత్రం చేయడానికి దిగారు. చదువు ఆరో తరగతితో ఆగిపోయిన మనిషి. ఏళ్లు పట్టింది. చేతిలో డబ్బు లేదు, ఊళ్లో ఎగతాళి. చివరికి 1999లో యంత్రం తిరిగింది. దానికి తల్లి పేరే పెట్టుకున్నారు. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. అన్నేళ్లు ఆయన్ని నిలబెట్టింది మూడ్ అని నేననుకోను. పొద్దున లేస్తే కళ్లెదుట ఆ భుజం ఉంది. మీ నవలలో ఆ భుజం ఏది?

ఇది నా పాత పాటే, ఈ శీర్షిక చదివేవాళ్లకు కొత్తేం కాదు. తొలి నవలలు నాలుగో ఐదో అధ్యాయంలోనే ఎందుకు చతికిలబడతాయి? అక్కడిదాకా ముందే తెలిసిన సంగతులతో బండి నడుస్తుంది. అక్కణ్నుంచి కొత్తగా తెలుసుకోవాలి. ఆ పని చేయకుండా మన బద్ధకాన్నీ జాతకాన్నీ తిట్టుకుంటాం. సూర్యాపేట నుంచి పోచంపల్లి ఎంత దూరమని? వెళ్లి ఒక ఇంట్లో పొద్దుటి నుంచి దీపాలవేళదాకా కూర్చోండి. నవల రాస్తున్నానని ముందే చెప్పకండి. చెబితే పాపం వాళ్లూ సినిమా డైలాగులే చెబుతారు. కండె చుట్టనివ్వమని అడగండి. పోగు తెంపుతారు, తిట్లు తింటారు. ఆ తిట్టు ఒక్క అక్షరం మార్చకుండా రాసుకోండి. ఐదో అధ్యాయం చింపేసి, ఆ తిట్టుతో మళ్లీ మొదలుపెట్టండి. వీడియోలు మాత్రం ఇవాళే ఆపేయండి.

ప్రశ్న: రాత్రిళ్లు కథలు రాసుకుంటుంటే మా అత్తగారు ‘దీనివల్ల కరెంటు బిల్లు తప్ప ఏమొస్తుందే’ అంటున్నారు. మనసు చివుక్కుమంటోంది.
– గృహిణి, రాజమండ్రి

జవాబు: మాట బాగుంది, కథలో పెట్టేయండి. డబ్బు సంగతిలో ఆవిడన్నది చాలావరకు నిజమే. పారితోషికం ఎప్పుడైనా వస్తే ఆవిడకు చూపించకండి. ఇంకా నవ్వుతారు.

ప్రశ్న: డల్లాస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. దానివల్లే పదేళ్లుగా ఏమీ రాయలేకపోతున్నాను. మానేసి హైదరాబాద్ వచ్చేసి పూర్తిగా సాహిత్యానికే అంకితమవుదామని ఉంది. మీ సలహా?
– ప్రవాసి

జవాబు: వద్దు. కారా మాస్టారు (కాళీపట్నం రామారావు) విశాఖలో బడిపంతులుగా ఉంటూనే ‘యజ్ఞం’ కథ రాశారు. 1952లో ప్రపంచ కథల పోటీలో ‘గాలివాన’కు రెండో బహుమతి తెచ్చిన పాలగుమ్మి పద్మరాజు కాలేజీలో కెమిస్ట్రీ పాఠాలు చెప్పినాయన. కొడవటిగంటి కుటుంబరావు 1980లో కన్నుమూసేదాకా చందమామ పత్రిక పని చూస్తూనే ఉన్నారు. రావిశాస్త్రిగారి సంగతి మరీను. ఆయన వకీలు కాకపోయి ఉంటే ‘ఆరు సారా కథలు’ ఎక్కణ్నుంచి వచ్చేవి? సారాకేసుల ముద్దాయిలూ దొంగసాక్షులూ మన ఇంటికొచ్చి కథలు చెప్పిపోరు కదా.

మీ ఆఫీసులో లేఆఫ్ మెయిల్ వచ్చినరోజు పక్కసీటు కుర్రాడు మొదటి ఫోన్ ఎవరికి చేశాడు? భార్యకా, లాయరుకా, పై చదువుకు అప్పిచ్చిన మామగారికా? హెచ్1బీ వీసా మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవడానికి మహా అయితే అరవై రోజుల గడువు. ఇల్లు, కారు లోను, పిల్ల బడి అన్నీ ఆ గడువులోనే తేలాలి. ఆ అరవై రోజులూ లోపలినుంచి చూసినవాళ్లు మీరు. ఇవన్నీ వదిలేసి హైదరాబాద్ ఫ్లాట్‌లో కూర్చుంటే మీరు రాసేది అమ్మమ్మగారి ఊరూ, రావిచెట్టూ, వెన్నెల్లో వేసిన మంచాలూ. అవి మాకు చాలినన్ని ఉన్నాయి.

ప్రశ్న: కలం పేర్లు నాలుగు అనుకున్నాను. అనిమిష, నిశీథి, మౌనవీణ, చైత్రరథ. ఏది బాగుంది?
– వర్ధమాన రచయిత్రి, కర్నూలు

జవాబు: కథ పేరు రాయలేదు. ముందు అది పంపండి.